పొరపాట్లే చిరునామా

లీచెస్ అనే ఆన్‌లైన్ చదరంగం సైట్‌లో కొత్తగా ఖాతా తెరిచిన ఎవరికైనా 1500 రేటింగ్ ఇస్తారు, పక్కనే ఒక ప్రశ్నార్థకం తగిలించి. ఆ గుర్తు పోయేదాకా అంకె ఒక్కో ఆటకీ ఎగిరెగిరి పడుతుంది. తర్వాత సమ ఉజ్జీతో గెలిచినా ఓడినా అయిదారు పాయింట్లే తేడా. అర్పాడ్ ఎలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు రూపొందించిన రేటింగ్ లెక్కను అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో తీసుకుంది. ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చో కూడా లెక్కలోకి రావాలని తర్వాత మార్క్ గ్లిక్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్త సవరించారు. లీచెస్ వాడేది ఆయన పద్ధతే. కొన్ని నెలలు ఆడకపోతే ఆ నమ్మకం సడలుతుంది, మళ్ళీ వచ్చినప్పుడు అంకె కొంచెం గట్టిగానే ఊగుతుంది.

రోజూ ఆడేవాళ్ళు ఈ అంకెనే తమ ఎదుగుదల అనుకుంటారు. వరుసగా అయిదు ఆటలు పోతే ఆటే మరిచిపోయామని బెంగ. నాణేన్ని వందసార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట వరుసగా అయిదు బొరుసులు పడే అవకాశం సుమారు 81 శాతం! సమానుల మధ్య వంద ఆటల్లో అలాంటి వరస రావడం వింతేమీ కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. తెల్లపావులతో రెండో ఎత్తుకే మంత్రిని హెచ్5కి తెచ్చి, ఎఫ్7 బంటు మీద గురిపెట్టే ఆటగాణ్ణి తీసుకోండి. మరీ కొత్తవాళ్ళ మీద ఈ ఎత్తుగడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, నాలుగో ఎత్తుకే మాట్! రేటింగ్ పెరుగుతుంది. పెరిగినకొద్దీ ఎదురయ్యేవాళ్ళు జి6 బంటు జరిపి, గుర్రాన్ని ఎఫ్6కి దూకించి, పావులన్నీ బయటికి తీసుకుంటూనే మంత్రిని తరుముతారు. అక్కడితో ఎదుగుదల ఆగిపోతుంది. ఇప్పుడు పద్ధతిగా గుర్రాలు తీసి, క్యాస్లింగ్ చేసుకుని ఆడటం మొదలుపెడితే, కొన్నాళ్ళు ఓటములే. అలవాటు లేని బలగాల అమరికలు ఎదురవుతాయి, ఆలోచనకు గడియారం చాలదు. నేర్చుకుంటున్న రోజుల్లోనే రేటింగ్ గీత కిందికి దిగుతుంది. చాలామంది ఇక్కడే జడిసి పాత మంత్రి దాడికే తిరిగిపోతారు. మూడు నిమిషాల బ్లిట్జ్‌లో ఈ మార్పు చేసుకోవాలనుకోవడం నా దృష్టిలో దండగ. పది, పదిహేను నిమిషాల ర్యాపిడ్ ఆడాలి. రెంటికీ రేటింగ్ విడివిడిగానే ఉంటుంది కాబట్టి బ్లిట్జ్ పరువుకొచ్చిన నష్టమూ లేదు.

పజిళ్ళలో మెరిసేవాళ్ళు ఆటలో తేలిపోవడమూ మామూలే. పజిల్ తెరవగానే ఇక్కడేదో ఉందని మనకు ముందే తెలుసు. ఆటలో ఆ కబురు ఎవరూ చెప్పరు.

అయితే ఎదుగుదల ఎక్కడ కనిపిస్తుంది? ఓడిన ఆటల్లో, ఒక్కొక్కరి సొంత అలవాట్లు బయటపడే చోట. కెనడా, అమెరికా పరిశోధకులు కొందరు లీచెస్ ఆటలతో ఒక కృత్రిమ మేధ నమూనాకు శిక్షణ ఇచ్చారు. సుమారు 3,000 మంది ఆటగాళ్ళ ఆటలు ఒక్కొక్కరివి వంద చొప్పున చూపించి, తర్వాత పేరు దాచిన ఒకరి వంద ఆటలిచ్చి, ఇతనెవరో చెప్పమన్నారు. ఓపెనింగ్‌తో పట్టేయకుండా మొదటి 15 ఎత్తులు కూడా దాచారు. అయినా 86 శాతం సార్లు సరిగ్గా గుర్తుపట్టింది. పేరు మార్చి రెండో ఖాతా తెరిచి ఆడేవాళ్ళకు ఇది సుఖమైన వార్త కాదు.

ఇదే బృందంవారి మాయా అనే ఇంజన్ మరీ ఆసక్తికరం. స్టాక్‌ఫిష్ లాంటి మామూలు చెస్ ఇంజన్ ఉత్తమమైన ఎత్తు వెతుకుతుంది. మాయా మనిషి ఆడబోయే ఎత్తును ఊహిస్తుంది, తప్పుతో సహా. 1100 నుంచి 1900 దాకా ఒక్కో స్థాయికీ ఒక్కో రూపం ఉంది. తన స్థాయివాళ్ళ ఎత్తును సగానికి పైగా సార్లు ముందే చెప్పేస్తుంది. అంటే మన తప్పుల్లో కొంత భాగం మన స్థాయివాళ్ళు చాలామంది చేసేవే. కాపలా లేని గుర్రాన్ని వదిలేయడం ఆడేకొద్దీ తగ్గిపోతుంది. గెలిచే దాడి చేతిలో ఉండగా భయపడి మంత్రులను మార్చేసుకోవడం, చివరి నిమిషం దాకా గడియారాన్ని కరిగించడం లాంటి సొంత అలవాట్లు మాత్రం కొందరిని 1900 దాటినా వదలవు. కోచ్ అనే ఆయన ఫీజు తీసుకుని చేసే పనిలో పెద్ద భాగం ఈ రెండో రకాన్ని వేరుచేసి చూపించడమే.