మనవడికి మన ఊరే విదేశం



డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్లల్లో ఒకటే సందడి. లండన్ నుంచో, డల్లాస్ నుంచో పిల్లలు దిగుతారు. దిగిన మర్నాటి నుంచి ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్దమ్మగారింట్లో భోజనం, బాబాయిగారింట్లో టిఫిను, చీరల కొట్టు, జాకెట్లు కుట్టే టైలరు, పళ్ల డాక్టరు. మూడు వారాలు ఇట్టే గడిచిపోతాయి. పాపం, ఆ పిల్లవాడు సోఫాలో ఓ మూల కూర్చుని ఫోను చూసుకుంటూ ఉంటాడు. వాడికి ఇది విదేశ ప్రయాణమే గదా! మనం వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఊరు చూపించకుండా చుట్టాలిళ్లు తిప్పితే మనమైనా ఊరుకుంటామా?

కిందటేడు మా మనవడు, పదకొండేళ్లవాడు, "అమ్మమ్మా, వచ్చే ఏడు నేను రాను. అమ్మ ఒక్కత్తే వస్తుంది" అన్నాడు. నా మనసు చివుక్కుమంది. తప్పు వాడిది కాదనీ తెలుసు. శాలిబండలో నలభై ఏళ్ల బట్టి కాపురముంటున్నాను. చార్మినార్ పక్కనుంచి వెళ్లని వారం లేదు గాని, పైకెక్కి చూసింది మాత్రం పెళ్లయిన కొత్తలో ఒక్కసారే. మర్నాడు పొద్దున్నే వాణ్ణి లేపాను. "ఆ దుమ్మూ, ఆ జనమూ! ఎందుకమ్మా?" అని మా అమ్మాయి సణిగింది. విననట్టే ఊరుకున్నాను.

పిల్లలకు సంవత్సరాలు ఒప్పజెబితే విసుగు. వెతుక్కోవడానికి ఏదో ఒకటి ఇవ్వాలి. "ఈ చార్మినార్‌లో తర్వాత వచ్చి చేరినదేదో చెప్పు చూద్దాం" అన్నాను. కాసేపు చుట్టూ తిరిగి, "గడియారాలు!" అన్నాడు. నిజమే. కులీ కుతుబ్ షా 1591లో కట్టించాడు, నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టారు. మొదటి అంతస్తు ఎక్కి చూస్తే నాలుగు దిక్కులకూ నాలుగు దారులు కనిపిస్తాయి. ఊరిని ముందే గీసుకుని కట్టారన్న సంగతి పైనుంచి చూస్తేనే బోధపడుతుంది. కింద కూరల సంచీతో నడిచే మనకు అదెక్కడ తెలుస్తుంది?

పడమటి దారే లాడ్ బజారు. అక్కడ గాజులు కొనడమే గాని, అవి తయారయ్యేది మనం ఎన్నడూ చూడం. ఈసారి నిలబడి చూశాం. లక్కను బొగ్గుల సెగన మెత్తబరచి, సన్నగా సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి మీదనే అద్దం ముక్కలూ రాళ్లూ ఒక్కొక్కటే అద్దుతారు. ఈ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సణిగిన మా అమ్మాయి అక్కడినుంచి ఓ పట్టాన కదిలితేనా!

ఇరానీ హోటల్లో టీ తాగి, ఉస్మానియా బిస్కట్లు తిని, చార్‌కమాన్ దాటి పత్తర్‌గట్టి వెంబడి మూసీ వైపు నడిచాం. దారిలోనే బాద్‌షాహీ ఆషుర్‌ఖానా. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నేనూ అదే మొదటిసారి వెళ్లడం. మొహర్రంలో పీర్లను నిలిపే చోటు గనుక చెప్పులు విడిచి, తల మీద కొంగు కప్పుకుని, అడిగి లోపలికి వెళ్లాలి. గోడల నిండా పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల పలకలు. పలకలను ముక్కలుగా కోసి అతికిన ఇరాన్ పనితనం, నాలుగు వందల ఏళ్ల నాటిది. 1908లో మూసీ వరద వచ్చినప్పుడు కింది పలకలు పాడైతే ఆ మేరకు రంగులతో బొమ్మలు వేశారు. ఏది పలకో, ఏది రంగో వేరు చేసి చూడమనండి, పిల్లలకు మంచి ఆట.

ఇక సాలార్‌జంగ్ మ్యూజియం. మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మ దగ్గర వాడు కన్నార్పకుండా నిలబడిపోయాడు. "అమ్మమ్మా, అది బట్ట కాదా?" కాదు నాయనా, రాయే. ఇటలీ శిల్పి బెంజోని చెక్కినది. నిజాం దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ 1876లో ఐరోపా వెళ్లినప్పుడు రోమ్‌లో కొన్నాడు. మ్యూజియంలో మిగతా వస్తువులు చాలామటుకు ఆయన మనవడు మూడో సాలార్‌జంగ్ పోగుచేసినవే. తాతామనవళ్ల కథ అనేసరికి మావాడికి మరీ నచ్చింది.

అప్పుడు వాడొక మాటన్నాడు. "మా స్కూలువాళ్లు బ్రిటిష్ మ్యూజియంకు తీసుకెళ్లారు. అక్కడ రాతిబొమ్మల కింద అమరావతి అని ఉంది. అది మీ వైపేనా?" నేను అమరావతి వెళ్లి, ఆ స్తూపం ఉన్నచోట మిగిలిన దిబ్బ చూసి వచ్చినదాన్ని. శిల్పాలు చూసింది మాత్రం వాడు! రెబెకా డబ్బిచ్చి కొనితెచ్చుకున్న బొమ్మ అనీ, అమరావతి శిల్పాలు తెల్లదొరల హయాంలో తవ్వి తరలించుకుపోయినవనీ చెప్పాను. "మరి తిరిగి ఇచ్చేయొచ్చుగా?" అన్నాడు. పిల్లల ప్రశ్నలు ఇలాగే ఉంటాయి.

మధ్యాహ్నం అక్కడికి దగ్గర్లోనే బగారా బైంగన్‌తో భోజనం చేశాం. వేరుశెనగ, నువ్వులు, కొబ్బరి, చింతపండు... చూడండి, మన గుత్తివంకాయకు అక్కో చెల్లెలో కదూ! ఆఖర్న డబల్ కా మీఠా. రొట్టెతో మిఠాయి ఏమిటని మొదట ముఖం చిట్లించినవాడే రెండోసారి పెట్టించుకున్నాడు.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు. గంట కొట్టే మనిషి బొమ్మ ఉన్న గడియారం చూడాలంటే మధ్యాహ్నం పన్నెండుకు పది నిమిషాల ముందే చేరి చోటు చూసుకోండి. పన్నెండు గంటలూ వరసగా కొడుతుంది. మేము ఒంటిగంటకు వెళ్లి, ఒక్క గంట విని వచ్చాం. మిగతా పదకొండూ బాకీ ఉన్నాయని మావాడు ఫోన్లో గుర్తుచేస్తూనే ఉంటాడు.