రేజు ఇచ్చినంతనే తడబడు పాత మోటారు సైకిలు

మండల కార్యాలయమునకు, పొలమునకు, పొరుగూరికి పోవుటకు పంచాయతీ సభ్యులలో పెక్కుమంది వాడుచున్నది పది పదునైదేండ్లనాటి మోటారు సైకిలే. 2020 ఏప్రిల్ 1వ తేదీన బి.యస్. 6 నిబంధనలు అమలునకు వచ్చిన పిమ్మట తయారైన బండ్లలో ఇంచుమించు అన్నింటికిని పెట్రోలును కొలిచి చిమ్ము ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉన్నది. 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండరు మొదలుకొని అంతకు ముందటి బండ్లు చాలవరకు కార్బురేటరు బండ్లే. ఎనుబదివేలు, లక్ష కిలోమీటర్లు తిరిగిన ఇట్టి బండ్లలో తరచు ఒక లోపము కనబడును. నిలకడగా పోవునప్పుడు బండి బాగుగనే పోవును. కాని రేజు ఇచ్చినంతనే ఒక క్షణము ఆగినట్లై, మూలిగి, తరువాత ఒక్క జర్కుతో అందుకొనును. 'పికప్ లేదు', 'మిస్సింగ్ కొట్టుచున్నది' అని మనవారు చెప్పునది తరచు దీనినే.

ఆ ఒక్క క్షణము చిన్నదిగా తోచవచ్చును. కాని ఊరి దారినుండి పెద్ద రహదారిని దాటుటకు రేజు ఇచ్చినప్పుడు, దూరమున లారీ వచ్చుచుండగా బండి నడిరోడ్డుపై తడబడిన యెడల ఆ క్షణమెంత పెద్దదో తెలియగలదు. ఖర్చు మాట మరియొకటి. 'కార్బురేటరు మార్చవలెను', 'బోరు చేయించవలెను' అను మాటలు సులభముగా వినవచ్చును. మేమును ఒకప్పుడు అట్లే మోసపోతిమి. కొత్త కార్బురేటరు కొని వేయించితిమి. జబ్బు మాత్రము పోలేదు. కడపట చూడగా, కార్బురేటరుకు ఇంజనుకు నడుమనున్న రబ్బరు గొట్టము అడుగువైపున వెంట్రుకవాసి పగులు కనబడినది. కనుక ముందుగా లోపమెక్కడ ఉన్నదో కనుగొని, పిమ్మటనే సామాను కొనవలెను.

అసలు ఈ తడబాటు ఏల కలుగును? పెట్రోలు చక్కగా మండుటకు దాని బరువుకు సుమారు పదునైదు రెట్లు బరువుగల గాలి కలియవలెను. రేజు ఇచ్చినప్పుడు కార్బురేటరులోని దారి తెరచుకొని గాలి ఒక్కసారిగా లోనికి దూకును. గాలి తేలిక, పెట్రోలు బరువు. గాలివలె పెట్రోలు వెంటనే పరుగెత్తజాలదు. కొంత వెనుకబాటు ప్రతి బండిలోను ఉండును. తయారు చేసినవారు దానికి తగినట్లే జెట్లను అమర్చియుందురు. కాని ఎక్కడనైనను పెట్రోలు కొంచెము తగ్గినను, దొంగదారిన గాలి కొంచెము చేరినను, ఆ క్షణమున మిశ్రమము మరీ పలుచనై సరిగా మండదు. పాత బండ్లలో తడబాటునకు ముఖ్యకారణ మిదియే.

కార్బురేటరు జోలికి పోకముందు రెండు సంగతులు చూడవలెను. చెయిను వదులైనను రేజు ఇచ్చినప్పుడు జర్కు వచ్చును. యాక్సిలేటరు కేబులు సాగినను, లోపల నూలు తెగి పట్టుచున్నను, చేయి తిప్పిన వెంటనే పని జరుగదు. ఇంజను మోత పెరుగుచు బండి వేగము మాత్రము పెరుగనిచో అది క్లచ్చి ప్లేట్ల అరుగుదల. దానికిని ఈ జబ్బుకును సంబంధము లేదు.

తరువాత చేయదగిన పరీక్ష చోకు పరీక్ష. దీనికి పైసా ఖర్చు లేదు. బండిని నాలుగైదు కిలోమీటర్లు నడిపి బాగుగా వేడెక్కనిచ్చి, జనసంచారము లేని బాటలో చోకును సగము లాగి రేజు ఇచ్చి చూడవలెను. తడబాటు తగ్గినచో మిశ్రమము పలుచగా ఉన్నదన్నమాట. చోకు గాలిని అడ్డగించి పెట్రోలు పాలును పెంచినది. తడబాటు ఎక్కువై ఇంజను ముక్కినచో పెట్రోలే ఎక్కువగా ఉన్నదని గాని, నిప్పురవ్వ బలహీనముగా ఉన్నదని గాని అనుమానింపవలెను. ఆపై ప్లగ్గు విప్పి చూడవలెను. దాని మొన సున్నమువలె తెల్లనైనచో మిశ్రమము పలుచన. పొడి మసి పట్టినచో చిక్కన. లేత ఇటుక రంగు ఉండుట మంచిది.

పలుచన అని తేలినచో మొదట పెట్రోలు వచ్చు దారిని చూడవలెను. కార్బురేటరు వద్ద పెట్రోలు పైపు ఊడదీసి, సీసా పట్టి, కుళాయి తిప్పినచో ధార ఎడతెగక రావలెను. ఈ పని ఆరుబయట, ఇంజను చల్లారిన పిమ్మట, బీడీ చుట్టలకు దూరముగా చేయవలెను. మొదట బాగుగా వచ్చి కొంతసేపటికి ధార సన్నగిలి, ట్యాంకు మూత తెరచినంతనే మరల పుంజుకొన్నచో, మూతలోని గాలిరంధ్రము మూసుకొనినదని తెలిసికొనవలెను. అయితే ఇట్టి కొరత ఎక్కువగా ఎత్తు ఎక్కునప్పుడు, చాలసేపు వేగముగా పోవునప్పుడు బయటపడును.

పిమ్మట కార్బురేటరు అడుగుననున్న మర వదులుచేసి తొట్టిలోని పెట్రోలును గాజుసీసాలోనికి దింపి నిలువనీయవలెను. అడుగున వేరొక పొరగాని, తుప్పురేణువులుగాని కనబడవచ్చును. 2025 నాటికి మన దేశములో అమ్ము పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. మన రైతులు పండించు చెరకు, మొక్కజొన్నలనుండియే ఇథనాలు తయారగుచున్నది గనుక ఇది మనకు పరాయి సంగతి కాదు. కాని ఇథనాలు నీటిని పీల్చుకొనును. నీరు హద్దు మించినచో రెండును కలిసి పెట్రోలునుండి విడిపోయి అడుగున చేరును. దానిలో ఆక్సిజను ఉండుటచే పాత జెట్లు గల బండిలో మిశ్రమము కొంత పలుచనగును. పాత రబ్బరు భాగములును త్వరగా చెడవచ్చును. కావున నెలల తరబడి కదలక నిలిచిన బండిలోని పాత పెట్రోలును తీసివేయుటయే మేలు.

దొంగగాలి సంగతి మరింత శ్రద్ధతో చూడవలెను, ఏలయన ఇది కంటికి కనబడదు. కార్బురేటరుకు ఇంజనుకు నడుమ కొన్ని బండ్లలో రబ్బరు గొట్టము, కొన్నింటిలో అల్యూమినియము గొట్టము, అతుకులవద్ద రబ్బరు రింగు ఉండును. ఇంజను వేడికి ఏండ్ల తరబడి కాగి రబ్బరు గట్టిపడి పగులును. ఇంజను మందముగా తిరుగుచుండగా చిక్కని సబ్బునీటిని అతుకులపై కొద్దికొద్దిగా పోయవలెను. ఇంజను మోత మారినచో అచ్చటనే గాలి చొరబడుచున్నది. ట్యూబు పంక్చరువలె బుడగలు వచ్చునని ఎదురు చూడరాదు. ఇచ్చట గాలి బయటికి రాదు, లోనికి పోవును. సబ్బునీటికి బదులు పెట్రోలు చల్లి చూచువారును ఉన్నారు. అది కొరివితో తల గోకికొనుటయే.

ఇవి సరిగా ఉన్నచో కార్బురేటరునే చూడవలెను. యాక్సిలేటరు పిడిపై చిన్న పట్టీ అంటించి, మూసిన చోటునుండి పూర్తిగా తెరచు చోటువరకు నాలుగు పాళ్ళుగా గుర్తులు పెట్టి, ఏ గుర్తువద్ద తడబడుచున్నదో గమనింపవలెను. మొదటి పాలు మొదలులోనే తడబడినచో పైలట్ జెట్టు మూసుకొనియుండవచ్చును. రెండు మూడు పాళ్ళలోనైనచో సూది, సూది జెట్టు. కడపటి పాలులోనైనచో మెయిన్ జెట్టు. చాలదినములు నిలిచిన బండిలో ముందుగా మూసుకొనునది పైలట్ జెట్టే, ఏలయన దాని రంధ్రము మిక్కిలి సన్నము. దానిని ఇనుపతీగతో పొడువనీయరాదు. రంధ్రము పెద్దదైనచో పెట్రోలు ఖర్చు శాశ్వతముగా పెరుగును. శుభ్రపరచు స్ప్రే, కంప్రెసరు గాలి చాలును. మిశ్రమపు మరను విప్పుటకు ముందు పూర్తిగా బిగియుటకు ఎన్ని చుట్లు పట్టునో లెక్కించి వ్రాసికొనవలెను. ఈ మర ఇంజను వైపున ఉన్నచో విప్పినకొలది పెట్రోలు పెరుగును. ఫిల్టరు వైపున ఉన్నచో గాలి పెరుగును.

చిక్కని మిశ్రమమునకు తరచు కారణము మట్టితో నిండిన ఎయిర్ ఫిల్టరు. బాగుగా తిరిగిన బండిలో సూది ఒరసి ఒరసి సూది జెట్టు రంధ్రము కోలగా అరుగును. ఆ రెండింటిని కలిపియే మార్చవలెను. గాలి ఒత్తిడితో స్లైడు లేచు రకపు కార్బురేటరులో పలుచని రబ్బరు పొర చినిగినచో రేజు ఇచ్చినను స్లైడు లేవదు. దానిని వెలుతురుకు పట్టి చూడవలెను.

నిప్పురవ్వ విషయమున ప్లగ్గు ఎడమును, ప్లగ్గు క్యాపును, కాయిలు తీగను చూచిన చాలును. వాల్వుల సందు బండి పుస్తకములో చెప్పినంత ఉండవలెను. దీనిని చల్లని ఇంజనుపై కొలువవలెను. వీనినన్నింటిని చూచిన పిమ్మటను తడబాటు పోక, పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చుచు, ఇంజనాయిలు తగ్గుచున్నచో అప్పుడు కంప్రెషను కొలిపించి, దానినిబట్టి బోరు మాట ఆలోచింపవచ్చును.