కావలి వరసను కనిపెడుతున్న కోతులు

కమ్మర్‌పల్లి: మక్క కంకి పాలుపోసుకునే రోజులు వచ్చాయంటే ఈ ప్రాంత రైతుకు కంటిమీద కునుకు వుండదు. పసుపులో అంతరపంటగా వేసిన మక్కను కూడా కోతులు వదలవు. రైతు పొద్దున్నే వచ్చి డబ్బా కొడతాడు. గట్టు చుట్టూ ఒకసారి తిరుగుతాడు. రెండు టపాకాయలు కాల్చి, సద్ది తినడానికి చెట్టు కిందికి పోతాడు. రోజూ ఇదే వరస అయితే డబ్బా మోతకు కోతి చెట్టెక్కుతుందే కాని పారిపోదు. టపాకాయల తర్వాత సద్దిమూట విప్పుతారని దానికి తెలిసిపోతుంది.

కోతికి ఈ తెలివి ఎలా వస్తుందో శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. జపాన్‌లో ఒకిహిడే హికోసాకా బృందం 1990 దశకంలో 16 మీటలున్న పలక ముందు కోతులను కూర్చోబెట్టింది. మీటలు రెండేసి చొప్పున వెలుగుతాయి. ఏది ముందు, ఏది వెనుక అన్నది కోతే కనిపెట్టి నొక్కాలి. సరిగా నొక్కితే బహుమానం. ఇలాంటి ఐదు జతలు కలిస్తే ఒక వరస. మొదట్లో కోతులు తప్పుల మీద తప్పులు చేశాయి. అదే వరస రోజుల తరబడి సాగేసరికి, దీపం వెలగకముందే వాటి చూపు రాబోయే మీట మీదికి పోసాగింది. ఈ సంగతి 1996లో ప్రచురితమైంది.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జరిగిన పరిశోధన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. చేతిని కదిలించే మెదడు భాగంలోని కొన్ని కణాలు, కదలిక ఒకటే అయినా, అలవాటైన వరసలో ఒక తీరుగా, వరస లేనప్పుడు మరో తీరుగా పనిచేస్తున్నాయని అందులో తేలింది. ఏళ్ల తరబడి సాధన చేసిన వరస మెదడులోనే ముద్ర పడుతుందన్నమాట.

రోడ్డు పక్క కోతులదీ ఇదే తీరు. బండి ఆగడం, అద్దం దిగడం, చెయ్యి బయటికి రావడం వాటికి కంఠస్థమే. అరటిపండు వేసే పుణ్యాత్ములే వాటికి పాఠం నేర్పుతున్నారు.

కోతుల సంఖ్యను అదుపు చేసేందుకు 2020లో నిర్మల్ జిల్లాలో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల కేంద్రం ప్రారంభమైంది. అయితే చేనిలో కంకి అంతవరకు ఆగదు. విసిగిపోయి కరెంటు తీగలు పెడితే మనుషుల ప్రాణాలకే ముప్పు.

కావలి వేళను, వచ్చే దారిని, చేసే చప్పుడును మార్చుతూ వుండటమే రైతు చేతిలో వున్న ఉపాయం. ఇరుగు పొరుగు రైతులు వంతులు వేసుకుని, ఒకరు సద్ది తినేటప్పుడు మరొకరు గట్టు మీద వుంటే కోతికి సందు దొరకదు. రేపు రైతు ఎటునుంచి వస్తాడో కోతికి అంతుపట్టకుండా వుంటేనే కంకి ఇంటికి చేరుతుంది.