వ్యాయామమును విటమినులును

"మా అబ్బాయి పరుగుపందెములకు పోవుచున్నాడు, విటమిను మాత్రలు కొనిపెట్టవలెనా, పంతులుగారూ?" అని తలిదండ్రులు అప్పుడప్పుడు అడుగుచుందురు. కష్టార్జితముతో కొనవలసిన వస్తువు గనుక దీనికి చక్కగా సమాధాన మీయవలసియున్నది.

ప్రియవిద్యార్థులారా! మీరు చెడుగుడు ఆడునపుడును, అడవిత్రోవలలో నడచి దుమ్ముగూడెమునకు వచ్చునపుడును ఊపిరి వేగమగును. కండరములు అధికముగ ప్రాణవాయువును గైకొని, ఆహారమును దహించి, శక్తిని పుట్టించును. పొయ్యిలో కట్టెలు మండునపుడు నిప్పురవ్వలు చెదరునట్లు, ఈ పనిలో ఫ్రీ రాడికల్సు అనునవి పుట్టి, ఒడలిలోని క్రొవ్వును మాంసకృత్తులను తాకి చెరుపును. అలసిపోవువరకు పరుగెత్తిన ఎలుకల కండరములలో ఇవి హెచ్చుట 1982వ సంవత్సరమున అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ రవ్వల నార్పునవే యాంటీఆక్సిడెంట్లు. సి, ఇ విటమినులు అట్టివి.

అట్లయిన మాత్రలు మ్రింగవలెనా? అక్కరలేదు. నిత్యము వ్యాయామము చేయువాని శరీరము, రవ్వల నార్పు ఎంజైములను తానే హెచ్చుగా తయారుచేసికొనును. ఆ రవ్వలే దానికి హెచ్చరిక. హెచ్చరిక అందనిచో శరీరము పాఠము నేర్వదు. 2009లో ప్రకటింపబడిన జర్మనీదేశపు పరిశోధనయందు, నాలుగు వారములు వ్యాయామము చేసిన యువకులలో కొందరికి దినమునకు 1000 మి.గ్రా. సి విటమినును, 400 యూనిట్ల ఇ విటమినును ఇచ్చిరి. మాత్రలు తిననివారియందు ఇన్సులిను మునుపటికంటె బాగుగా పనిచేసెను. తిన్నవారియందు ఆ మేలు కానరాలేదు.

అయినను భోజనమున ఈ విటమినులు కొరవడిన హానియే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020వ సంవత్సరపు పట్టికలో, వయస్సు వచ్చిన పురుషునకు దినమునకు 80 మి.గ్రా. సి విటమిను కావలెనని చెప్పియున్నది. 100 గ్రాముల జామపండులోనే సుమారు 200 మి.గ్రా. కలదు. మన అడవులలోని ఉసిరికాయయు, పెరటిలోని మునగాకును ఇందుకు పేరుపడినవి. వేరుసెనగలయందు ఇ విటమిను కలదు. ఆకుకూరలను చాలసేపు ఉడికించి నీరు పారబోసినచో సి విటమిను చాలవరకు నశించును.

ఎక్కువ ఆడువానికి ఆకలి ఎక్కువ. కడుపునిండ మంచి భోజనము చేసినచో వానికి కావలసిన అధికభాగము అందులోనే చేరును. అయితే వైద్యుడు లోపమును కనుగొని యిచ్చిన మందును, రక్తహీనతకై బడిలో ఇచ్చు ఐరన్ మాత్రలను మాత్రము మానరాదు.

కావున తలిదండ్రులారా! ఆ సొమ్ముతో పండ్లును, ఆకుకూరలును కొని పెట్టుడు.