పిల్లల పంటి వైద్యంలో రెండో జత చేతులు

పిల్లల పళ్ల డాక్టరు పక్కన కూర్చుని, నోట్లో ఊరే ఉమ్మినీ నీటినీ సక్షన్ గొట్టంతో లాగేస్తూ, అడగకముందే పనిముట్టు అందిస్తూ, సిమెంటు కలుపుతూ, లైటు సర్దుతూ వైద్యం సాగనిచ్చే మనిషి డెంటల్ అసిస్టెంట్. పనిముట్లు శుద్ధి చేయడం, ఎక్స్‌రేకు పిల్లను సిద్ధం చేయడం, ఇంటికి వెళ్లాక తీసుకోవలసిన జాగ్రత్తలు తల్లిదండ్రులకు చెప్పడం కూడా ఈ పనిలోవే. పెద్దల క్లినిక్కులోనూ ఇవన్నీ ఉంటాయి. పిల్లల దగ్గర మాత్రం వీటన్నిటికంటే ముందు భయం పోగొట్టాలి. ఏడ్చే మూడేళ్ల పిల్ల ముందు తన గొంతు పెరగకుండా ఉంటుందా అన్నదే ఈ వృత్తికి రాదలచినవారు తమకు తాము వేసుకోవలసిన మొదటి ప్రశ్న. మార్కుల సంగతి ఆ తర్వాతే.

ఈ ఉద్యోగం 19వ శతాబ్దంలో రూపు దిద్దుకుంది. అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు 1885లో మల్వీనా క్వేరియా అనే మహిళను సహాయకురాలిగా పెట్టుకున్నారు. ఆడవాళ్లు ఒంటరిగా మగ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి జంకే రోజులవి. గదిలో మరో స్త్రీ ఉండటంతో ఆ జంకు తగ్గింది. అంటే భయం తీర్చడం మొదటినుంచీ ఈ పనిలో భాగమే. 1960ల నాటికి నాలుగు చేతుల దంతవైద్యం అనే పద్ధతి కుదురుకుంది. పడుకున్న పిల్ల ముఖాన్ని గడియారం అనుకుంటే, తల వైపు 12, గడ్డం వైపు 6. కుడిచేతి వాటం డాక్టరు 7 నుంచి 12 మధ్య, అసిస్టెంట్ 2 నుంచి 4 మధ్య కూర్చుంటారు. పనిముట్లు చేతులు మారేది 4 నుంచి 7 మధ్య, గడ్డం కింద. మత్తు సూది సిరంజి పిల్ల కంటపడకుండా డాక్టరు చేతికి చేర్చడం ఇందులో మొదట నేర్వవలసిన ఒడుపు.

పిల్లలకు పంటి వైద్యం అలవాటు చేయడానికి 1959లో ఆడెల్‌స్టన్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ పునాది: ముందు చెప్పు, తర్వాత చూపించు, ఆ పైన చెయ్యి. గాలి గొట్టాన్ని ముందు పిల్ల అరచేతి మీద ఊదాలి, చక్కిలిగింత పుట్టనివ్వాలి, ఆ తర్వాతే నోట్లోకి. పిల్ల ఎంతవరకు సహకరిస్తోందో నాలుగు మెట్లుగా గుర్తించే ఫ్రాంకెల్ కొలమానం 1962లో వచ్చింది. ప్రతి రాకలోనూ దాన్ని రాసిపెడితే మరుసటిసారి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. అసలు చిక్కు ఇంట్లోనే మొదలవుతుంది. అల్లరి చేస్తే సూది వేయిస్తానని బెదిరించే అలవాటు మన ఇళ్లలో పాతదే. ఆ మాట విని పెరిగిన పిల్లకు కుర్చీ ఎక్కడమే శిక్షలా తోస్తుంది. అందుకే అనుభవమున్న అసిస్టెంట్ నోట ‘సూది’, ‘నొప్పి’ అనే మాటలు రావు. పన్ను నిద్రపోతుంది, పంటికి స్నానం చేయిద్దాం అంటారు. పిల్లలు అక్కా అని పిలవడం మొదలుపెట్టారంటే సగం పని అయినట్టే. అయితే అబద్ధం మాత్రం ఆడకూడదు. ఏమీ చేయమని నమ్మించి పన్ను పీకితే, ఆ పిల్ల పెద్దయ్యాక కూడా పళ్ల డాక్టరు గడప తొక్కడానికి జంకుతుంది.

పాలపళ్ల గురించి తల్లిదండ్రులకు విడమరిచి చెప్పే భారం ఎక్కువగా అసిస్టెంట్ మీదే పడుతుంది. ఎలాగూ ఊడిపోయేవే కదా అనేది అందరి నోటా వినిపించే మాట. పాలపళ్లు 20. ముందరివి ఆరేడేళ్లకు ఊడినా, వెనక దవడ పళ్లు 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, రావలసిన పన్నుకు చోటు ఉండదు. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనకాల వచ్చే పెద్ద దవడ పన్ను ఇక ఊడేది కాదు. దాన్నీ పాలపన్నే అనుకుని పుచ్చిపోయేదాకా వదిలేసే కుటుంబాలు ఎన్నో. పాలసీసాతో నిద్రపుచ్చితే ముందుపళ్లు పుచ్చిపోతాయనీ, చిగుళ్లకు మత్తు ఇచ్చాక మొద్దుబారిన పెదవిని పిల్ల కొరుక్కోకుండా చూసుకోవాలనీ చెప్పే గొంతు కూడా ఆమెదే.

హైదరాబాద్ శివార్లలోని బొంగులూరు ప్రాంతంలో పనిచేసేవారికి మరో సంగతి తెలిసి ఉండాలి. అవుటర్ రింగ్ రోడ్డు 12వ ఎగ్జిట్ దగ్గర ఉన్న ఈ ఊరి మీదుగానే నాగార్జునసాగర్ రోడ్డు పోతుంది. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ దాటితే నల్గొండ జిల్లా చింతపల్లి, మర్రిగూడ మండలాలు. అక్కడి భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సమస్య తరాల నాటిది. నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నంతో నీటి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టింది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యమని భారత ప్రమాణం. చిన్ననాట, పళ్లు లోలోపల తయారయ్యే వయసులో అంతకు మించి తాగితే శాశ్వత దంతాల మీద సున్నపు మచ్చలు, గోధుమ చారలు పడతాయి. ఆ మచ్చ పుచ్చు కాదు. తేడా తేల్చేది డాక్టరే, కానీ తల్లి మొదట అడిగేది అసిస్టెంట్‌నే. ఇలాంటి ఊళ్ల నుంచి వచ్చినవారు ఫ్లోరైడ్ వార్నిష్ పేరు వినగానే ఉలిక్కిపడటం సహజం. రోజూ నీళ్లతో కడుపులోకి పోయేది వేరు, ఏడాదికి రెండు మూడుసార్లు పంటికి పలుచగా పూసేది వేరు అని ఓపికగా చెప్పగలగాలి.

శుద్ధి విషయంలో రాజీ లేదు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి కనీసం 15 నిమిషాలు తగలాలి, పొట్లం కట్టిన పనిముట్లకు ఇంకా ఎక్కువ సేపు. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గ్లౌజులు ఎరుపులోకి, సూదులు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలంలోకి వెళ్లాలి. పనిలో చేరకముందే హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకోవాలి.

చదువు దారి కొంచెం అస్పష్టంగానే ఉంది. 1948 దంతవైద్యుల చట్టం డాక్టర్లకు, డెంటల్ హైజీనిస్టులకు, డెంటల్ మెకానిక్కులకు రిజిస్టర్లు పెట్టింది. అసిస్టెంట్‌కు అందులో చోటు లేదు. ఆ చట్టం స్థానంలో జాతీయ దంతవైద్య కమిషన్ కోసం 2023లో కొత్త చట్టం చేశారు. ఎక్కువమంది అసిస్టెంట్లు క్లినిక్కులోనే పని చూసి నేర్చుకుంటున్నారు. ఇంటర్‌లో సైన్సు చదివినవారికి రెండేళ్ల హైజీనిస్టు డిప్లొమా గట్టి దారి. పళ్లు శుభ్రం చేసే హక్కు చట్టప్రకారం హైజీనిస్టుకు ఉంది, అసిస్టెంట్‌కు లేదు. కోర్సులో చేరేముందు దానికి ఏ గుర్తింపు ఉందో కాగితం చూసి తెలుసుకోవాలి. నగరం వైపు వెళ్తే దిల్‌సుఖ్‌నగర్ కమలానగర్‌లో పాణినీయ దంతవైద్య కళాశాల, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నాయి. పిల్లల దంతవైద్యం ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి ఈ ప్రాంతంవారికి అవి అందుబాటులో ఉన్న చోట్లు.

ఎన్నేళ్ల అనుభవం వచ్చినా మత్తు సూది ఇవ్వడం, పన్ను పీకడం, రూట్ కెనాల్ చేయడం డాక్టరు పనులే. డాక్టరు లేనప్పుడు కాస్త చూడమని ఎవరు అడిగినా కాదనే ధైర్యం ఉండాలి.

చిన్న క్లినిక్కుల్లో మొదటి జీతం తక్కువే. పనివేళలు సాయంత్రాలకు, ఆదివారాలకు సాగుతాయి, ఎందుకంటే పిల్లలు వచ్చేది బడి లేని వేళల్లోనే. రోజంతా మెడ వంచి కూర్చోవడంతో నడుము, భుజాలు పట్టేస్తాయి. స్టూలు ఎత్తు సరిచేసుకోవడం తొలి రోజే అలవాటు కావాలి. అనుభవం పెరిగాక పెద్ద ఆసుపత్రుల్లో పిల్లల విభాగాలకు, క్లినిక్ నిర్వహణకు మారవచ్చు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలవారూ ఈ పనిలో చేరుతుంటారు. అక్కడ డాన్‌బ్ అనే బోర్డు ఎక్స్‌రే భద్రత, ఇన్ఫెక్షన్ నియంత్రణ, కుర్చీ పక్కన సాయం అనే మూడు భాగాల్లో పరీక్ష పెడుతుంది. నిబంధనలు రాష్ట్రానికొక తీరు. చాలా రాష్ట్రాల్లో విడిగా అర్హత సాధించనిదే అసిస్టెంట్ ఎక్స్‌రే తీయడానికి లేదు.