నీలి వాండా: వర్గీకరణ, సహజ ఆవాసం

ఈశాన్య భారతపు కొండల్లో శరదృతువు నుంచి హేమంతం దాకా చెట్ల కొమ్మల మీద లేత నీలం గుత్తులుగా పూసే ఆర్కిడ్‌ను వృక్షశాస్త్రంలో వాండా సెరులియా అంటారు. నేటి మేఘాలయలోని ఖాసీ కొండల్లో 1837లో విలియం గ్రిఫిత్ దీన్ని సేకరించగా, ఆయన పెట్టిన పేరుతోనే జాన్ లిండ్లీ 1847లో దీని వర్ణనను ప్రచురించాడు. ఆర్కిడ్లలో ఇంతటి నీలం అరుదు కావడం వల్ల సేకర్తల కన్ను దీనిపై తొందరగానే పడింది.

వర్గీకరణలో ఇది ఆర్కిడేసీ కుటుంబానికి, అందులోని ఎపిడెండ్రాయిడీ ఉపకుటుంబానికి, వాండీ తెగకు చెందుతుంది. ఈ తెగ మొక్కల్లో కాండం ఒకే కొన నుంచి ఏటికేడు పైకి సాగుతూ, రెండు వరుసల్లో పట్టీల వంటి ఆకులనూ, ఆకుల మొదళ్ల నుంచి పూలకంకులనూ, గాలిలో వేలాడే లావుపాటి వేళ్లనూ తొడుగుతుంది. జన్యు పరిశీలనల ఆధారంగా 2012లో ఆస్కోసెంట్రమ్, నియోఫినేషియా వంటి ప్రజాతులను కూడా వాండాలో కలపడంతో ఈ ప్రజాతి బాగా విస్తరించింది. తెలుగు నేల మీద చెట్లపై కనిపించే వదనిక, అంటే వాండా టెస్సెల్లేటా, ఇదే ప్రజాతిలోనిది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ దాన్ని 1795లో వర్ణించాడు. అయితే మైదానపు ఎండలకు తట్టుకునే వదనికకూ, చల్లని కొండగాలి కోరే నీలి వాండాకూ ప్రజాతి ఒకటైనంత మాత్రాన బతుకుతీరు ఒకటి కాలేదు.

మేఘాలయ, అస్సాం, అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మణిపూర్ కొండల నుంచి మయన్మార్, ఉత్తర థాయ్‌లాండ్, చైనాలోని దక్షిణ యునాన్ వరకు, సుమారు 800 నుంచి 1,700 మీటర్ల ఎత్తులో ఇది పెరుగుతుంది. పటంలో ఇది విశాలమైన ప్రాంతంగా తోచినా, నిజానికి ఈ మొక్కకు తగిన చోట్లు అందులో చెల్లాచెదురుగానే ఉంటాయి. ఇది వృక్షోపజీవి, అంటే చెట్టును ఆధారంగా మాత్రమే వాడుకుంటూ దాని రసాన్ని పీల్చని మొక్క; వేళ్ల చుట్టూ ఉండే వెలామెన్ అనే స్పాంజి వంటి పొరతో వాననూ మంచునూ పట్టుకుంటుంది. దట్టమైన అడవి నీడకన్నా, ఎండా గాలీ ధారాళంగా తగిలే పలుచని అడవి దీనికి నచ్చుతుంది. 1850లో జోసెఫ్ హుకర్ ఖాసీ కొండల్లోని ఓక్ చెట్లపై వీటిని విరివిగా చూసి, లండన్‌లోని క్యూ ఉద్యానవనం కోసం ఏడుగురు మనుషులు మోసేటన్ని మొక్కలు సేకరించాడు. వాటిలో బతికి చేరినవి కొద్దే. పైగా ఆనాటి ఇంగ్లండ్ తోటమాలులు దీన్ని వేడి, తేమ నిండిన అద్దాల గదుల్లో పెంచబోవడం ఈ మొక్క స్వభావానికే విరుద్ధం.

ఇలా కోసుకుపోయిన మొక్కల లోటు అడవిలో తేలిగ్గా పూడదు. ధూళి వంటి విత్తనంలో నిల్వ ఆహారం ఉండదు కనుక, తగిన శిలీంధ్రం తోడు దొరికితేనే అది మొలకెత్తగలదు. అందుకే ఆధారమిచ్చే చెట్లు నరికితే పోయేది ఒక తరం మొక్కలే కాదు, తరువాతి తరం మొలకెత్తే చోటు కూడా. 1991 సవరణతో వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చేర్చిన ఆరవ షెడ్యూలు, తిరుమల కొండల సైకస్ బెడ్డోమీతో పాటు నీలి వాండాకూ రక్షణ కల్పించింది. నర్సరీల్లో పెంపకం పెరగడంతో, అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం 2004లో దీన్ని కఠినమైన మొదటి అనుబంధం నుంచి రెండో దానికి మార్చింది. అయినా అడవి మొక్కలను దేశం దాటించాలంటే అనుమతి ఇప్పటికీ తప్పనిసరే.