యాత్రికులు వెళ్లిపోతారు... చెత్త మిగిలిపోతుంది!

చెత్త అనగానే చాలామందికి సముద్రతీరాలు, అక్కడి రిసార్టులు గుర్తొస్తాయి. ఇసుకలో కూరుకుపోయిన సీసాలు, అలలతో తిరిగొచ్చే కవర్లు... సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న మా పుట్టపర్తిదీ అదే బాధ. అక్కడైనా ఇక్కడైనా జనం వస్తారు, రెండు రోజులుంటారు, వెళ్లిపోతారు. వాళ్లు పారేసింది మాత్రం ఊరివాళ్లకు మిగులుతుంది.

1950లో ప్రశాంతి నిలయం కట్టినప్పుడు ఇది చిన్న పల్లె. 2022లో శ్రీసత్యసాయి జిల్లాకు కేంద్రమైంది. ఏటా నవంబరు 23న బాబా పుట్టినరోజుకు జనం పోటెత్తుతారు. 2025లో శతజయంతి కూడా జరిగింది. ఉత్సవం ముగిసిన మర్నాడు వీధుల్లో ఖాళీ బోండాలు, నీళ్ల సీసాలు, టీ కప్పులు, విస్తళ్లే!

మాది కరువు సీమ. ఏడాదంతా కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. చిత్రావతి ఎక్కువ కాలం ఎండే ఉంటుంది. ఏట్లో పడేసిన కవరు అక్కడే ఉంటుంది, లేదా గాలికి ఎగిరి కంపచెట్లకు చిక్కుకుంటుంది. గట్టి వాన వస్తే ఒక్కసారిగా దిగువనున్న బుక్కపట్నం చెరువు దారి పడుతుంది.

అన్నం వాసనకు పశువులు కవరుతో సహా మింగేస్తాయి. మా వీధిలో ఒకావిడ చూడి ఆవు మేత మానేసి కూలబడితే, డాక్టరు పొట్ట కోసి కవర్ల ఉండలు తీశారు. ఆవు దక్కింది గానీ దూడ దక్కలేదు. ఆవిడకు ఆ పాడే ఆధారం.

మా మేడ మీద నాలుగు గదులు యాత్రికులకు అద్దెకిస్తాం. ఒకనాడు చెత్తబండితో వచ్చే ఆమె వేలికి గుడ్డ కట్టుకుని కనబడింది. ‘ఏమైంది?’ అంటే, ‘బ్లేడు కోసిందమ్మా. మీరంతా కలిపేసినాక, ఏరాల్సింది నా చేతులే గదా!’ అంది. ఆ మాటతో గదికి రెండు బుట్టలు పెట్టాను. ఒకటి తడి, ఒకటి పొడి. ప్యాడ్లు, డైపర్లు, బ్లేడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇమ్మని గోడ మీద రాశాను. మొదట్లో కొందరు విసుక్కున్నారు. తాళం ఇచ్చేటప్పుడే నవ్వుతూ చెబితే ఇప్పుడు పదిమందిలో ఏడెనిమిది మంది పాటిస్తున్నారు.

ఇది నా చాదస్తం కాదండీ! చెత్త ఎక్కడ పుడుతుందో అక్కడే వేరుచేయాలని 2016 నాటి కేంద్ర నిబంధనలే చెప్పాయి. ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం.

తడి చెత్త మాకు బంగారం. అడుగున చిల్లులున్న పాత కుండలో ఎండుటాకులు పరిచి, కూరగాయల తొక్కలు, వాడిన పూలు వేయండి. పైన మళ్లీ ఎండుటాకులు. కాస్త పుల్ల మజ్జిగ చిలకరించి మూత పెట్టండి. వారానికోసారి కలిపితే రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు తయారు. వాసన వస్తే తడి ఎక్కువైందని గుర్తు, ఇంకాసిని ఎండుటాకులు వేస్తే సరి. ఈ ఎరువు వేసిన మట్టి తడిని పట్టి ఉంచుతుంది. నీళ్లు కొనుక్కునే ఊళ్లో అంతకన్నా ఏం కావాలి? కవర్లను మాత్రం తగలబెట్టకండి. ఆ విషపు పొగ ముందు పీల్చేది మన పిల్లలే.

తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు మాన్పించి గాజు సీసాలు తెచ్చారు. డిపాజిట్ కట్టించుకుని, సీసా తిరిగిస్తే డబ్బు వెనక్కిస్తారు. ప్రతి యాత్రాస్థలంలో, ప్రతి బీచ్‌లో దుకాణదారులు ఈ పద్ధతి పెడితే ఎంత బాగుంటుంది!

ఈసారి తీర్థానికో, విహారానికో బయల్దేరేటప్పుడు పెట్టె సర్దేది ఎలాగూ మనమే. స్టీలు సీసా, నాలుగు గ్లాసులు, ఒక గుడ్డసంచి అందులో పెట్టుకుందాం. దర్శనానికి వెళ్లిన ఊరు మనం వచ్చేసినా శుభ్రంగా ఉండాలంటే, ఆ మాత్రం బరువు మోయలేమా?